బొంత కింద వేలాడిన మా ముక్క

నా చిన్నప్పుడు మా పల్లెలో నన్ను అందరూ మిరపకాయ అనేవారు. అలా పిలిస్తే కోపం, పిలవకుండా పక్కనుంచి వెళ్లిపోతే ఇంకా కోపం. ఇప్పుడు నలభై దాటాయి, పెందుర్తిలో ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, అయినా ఆ గుణం పోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా. అయితే ఇక్కడ చెప్పబోయే కోపం పుట్టుకతో వచ్చింది కాదు. తొంభైలలో ఒక వేసవిలో వచ్చింది. సబబైన కోపం. దాన్ని ఇంతవరకూ చల్లార్చుకోలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

మా పల్లె విశాఖ ఉక్కునగరానికి అవతల, సముద్రం ఒడ్డున ఉండేది. మా తాత అప్పటికే వేట మానేశాడు. దూరపు చూపు బాగానే ఉండేది గానీ దగ్గరిది ఆనేది కాదు. పొద్దంతా పాక నీడలో కూర్చుని, చేతి తడుముతోనే వలలు బాగుచేస్తుండేవాడు. ఆ వేసవిలో ఉక్కునగరం క్వార్టర్లలోని ఆడవాళ్లు కొందరు కలిసి అక్కడి హాల్లో ఒక కొత్త తరగతి పెట్టారు. తాతలూ మామ్మలూ మనవలతో జంటగా రావాలి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మట్టితో, కాగితంతో, గుడ్డతో ఏదో ఒకటి చేయాలి. అందులో పల్లె పిల్లలు కూడా ఉంటే చూడ్డానికి బాగుంటుందని ఎవరికో తోచింది. మా బడి పంతులమ్మ నా పేరు చెప్పింది.

తరగతి నడిపే మేడమ్ మంచిగానే మాట్లాడేది. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే కోపంలో ఉన్నవాళ్లు ఎదుటివాళ్లను రాక్షసుల్ని చేసేస్తారని నాకు తెలుసు. ఆవిడ రాక్షసి కాదు. మెత్తగా నవ్వేది, అందరినీ 'తాతయ్యా, అమ్మమ్మా' అని పిలిచేది, ఎవరు ఏం చేసినా చప్పట్లు కొట్టించేది. మా తాత ఒక కాగితం పడవ మడత పెడితే కూడా చప్పట్లు కొట్టించింది. ఆయన నాలుగువైపులా చూసి, 'ఏటయింది?' అని నన్నడిగాడు.

మా తాతకు ఆ హాల్లో నేస్తం ఒక్కరే. గోదావరి జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక మామ్మగారు. కొడుక్కి రాత్రి షిఫ్టు పడితే పగలంతా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదట. అందుకని మనవణ్ని తీసుకుని ఇక్కడికి వచ్చేసి, ఇంట్లో మింగేసిన మాటలన్నీ ఇక్కడ మాట్లాడేసేది. ఆ మనవడు ఆరేడేళ్లవాడు, చీటికీమాటికీ కళ్ల నీళ్లు పెట్టుకునేవాడు. మొదటిరోజు మా తాత సూది పట్టుకున్న తీరు చూసి ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. 'అది గునపం కాదండీ అన్నయ్యగారూ, సూదండీ, ఆయ్' అంది. మా తాత కూడా నవ్వి, 'నేర్పు మరి సెల్లెమ్మా' అన్నాడు. నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చేదాన్ని, ఆవిడ కుట్టు చూపించేది, మా తాత కుట్టేవాడు. ఆయన కుట్టింది మాత్రం ఎప్పటికీ కుట్టులా కనిపించలేదు. ప్రతి పోగు చివరా వల ముడి పడిపోయేది. చేతికి అదొక్కటే వచ్చు.

చివరి వారం అందరం కలిసి ఒక పెద్ద బొంత కుట్టాలన్నారు. పాత చీరలు తెచ్చుకుని ఒక్కో జంట ఒక్కో ముక్క తయారు చేయాలి. ఆ ముక్కలన్నీ కలిపి కుట్టి, ఆఖరి రోజు హాలు గోడకు వేలాడదీస్తారు. పెద్దాఫీసరు వచ్చి చూస్తాడు, ఆ తర్వాత బొంత ఆ హాల్లోనే ఉండిపోతుంది. ఉండిపోతుంది అన్న మాట నా మనసులో దిగిపోయింది. ఉక్కునగరంలో మా వాళ్ల చేతి పని గోడ మీద ఉన్న చోటు నాకు తెలిసి ఒక్కటీ లేదు. మా అమ్మ అక్కడి ఇళ్లకు చేపల తట్టతో వెళితే గేటు బయటే బేరం. అలాంటి చోట గోడ మీద నా ముక్క ఉంటుందనుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మ తన నీలం చీర ఇచ్చింది. చిరుగుల్లేని భాగం చూసి కత్తిరించాం. నేను పసుపు గుడ్డతో తెప్ప కత్తిరించాను, మీద ఇద్దరు మనుషులు. నీళ్లలో చేపలు కుడతాననుకుంటే మా తాత వద్దని, పాత వలలో అరచేయంత ముక్క తెచ్చి తెప్ప కింద ముడులతో బిగించాడు. ఆ వల ముక్కను మా అమ్మ సబ్బు అరిగేదాకా ఉతికి, ఎండలో ఆరేసి, వాసన చూసి, మళ్లీ ఉతికింది. ఎందుకంత ఉతుకుతోందో నాకప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం ఇంకా పెరిగింది.

బొంత పూర్తయ్యాక దాన్ని గోడకు ఎలా ఎక్కించాలో ఎవరికీ తెలియలేదు. అంత పెద్ద గుడ్డ, మేకులు కొడితే చిరుగుతుంది. అప్పుడు మా తాతను అడిగారు. వల పై అంచుకు తాడు అల్లినట్టే ఆయన బొంత పై అంచు పొడవునా నైలాన్ తాడు అల్లి, గోడ మీది కొక్కాలకు తగిలించాడు. తర్వాత దించుకోవడానికి వీలుగా తాడు కొసను గోడ వెంట లాగి, హాలు వెనక కిటికీ ఊచకు జారుముడి వేశాడు. ఆ ముడి ఒక్కటి లాగితే మొత్తం కిందికి వచ్చేస్తుంది. మేడమ్ మళ్లీ చప్పట్లు కొట్టించింది.

ఆఖరి రోజు నేను కొత్త గౌను వేసుకుని, మా తాత ఉతికిన పంచె కట్టుకుని వెళ్లాం. గుమ్మంలోంచే బొంత వైపు చూశాను. మా ముక్క లేదు. దాని చోట దుకాణంలో కొన్న మెరుపు గుడ్డతో ఒక సూర్యుడు ఉన్నాడు. మిషను మీద కుట్టిన సూర్యుడు. ఏ తాతా ఏ మనవరాలూ చెయ్యి వేయని ముక్క అది. గది చుట్టూ వెతికితే మా నీలం గుడ్డ టేబుల్ కింద, కత్తిరింపుల కుప్పలో కనిపించింది. తీసి గుండెకు పట్టుకున్నాను. అంచుల్లో దారప్పోగులు ఇంకా వేలాడుతున్నాయి.

మా తాత మేడమ్ దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అడిగాడు. 'మా వాటా ఏదమ్మా?'

ఈ మాట మా వాళ్లకు ఎంత మాటో చెప్పాలి. మా ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంటుంది. ముసలివాడు పట్టినా ఉంటుంది, నాలాంటి పిల్ల కొసన వేలాడినా గుప్పెడు చేపలు గౌనులో పోస్తారు. ఇవ్వకపోతే అది పిసినారితనం కాదు, నువ్వు మాలో లేవని చెప్పడం. మా తాత అడిగింది అదీ. మేడమ్‌కు అర్థమైంది వేరు. ఆవిడ గబగబా వెళ్లి రెండు ఫలహారం పొట్లాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. 'మీ ఇద్దరివీ తాతయ్యా. కావాలంటే ఇంకోటి తీసుకోండి' అంది. పొట్లాల్లో లడ్డూ, మిక్చరు. ఆయన వాటిని టేబుల్ మీద పెట్టేసి నా చేతిలోని గుడ్డ చూపించాడు. అప్పుడావిడ గొంతు తగ్గించి, కలర్ కాంబినేషన్ కుదరలేదనీ, ఆ వల ముక్క కాస్త వాసన వస్తోందనీ, గెస్టులు వస్తున్నారు కదా ఏమీ అనుకోవద్దనీ చెప్పింది.

కుదరలేదు. ముప్ఫయ్యేళ్లు దాటినా ఆ మాట వింటే నా దవడలు బిగుసుకుంటాయి. మా అమ్మ అరచేతులు తెల్లగా ఉబ్బేదాకా ఉతికిన గుడ్డకు వాసనట. ఏమీ అనుకోవద్దట. అనుకోకుండా ఉండటం కూడా మా పనే అన్నమాట.

గెస్టులు వచ్చారు. కుర్చీలు చాలలేదని మమ్మల్ని వెనక గోడ దగ్గర నిలబడమన్నారు. పెద్దాఫీసరు మైకు పట్టుకుని, వృద్ధులను గౌరవించడం మన సంస్కృతి అని చెబుతున్నాడు. మా తాత నిలబడే ఉన్నాడు. కిటికీ మా పక్కనే ఉంది. ఊచకు జారుముడి కూడా నా చేతికి అందే ఎత్తులోనే ఉంది. నాకు ఒళ్లంతా మంటగా ఉంది. మా తాత చెవిలో, 'తాతా, ముడి లాగేద్దాం. మొత్తం పడిపోవాల' అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు, నొప్పి పుట్టింది.

'ఆ బొంతలో పదిమంది సిన్న గుంటల సెయ్యుంది. కోపమొచ్చిందని వల్లో అందరి సేపలూ ఉండగా ఎవుడైనా తాడిప్పుతాడేటి? ఆవిడకేటి పోద్ది? ఏడిసేది ఆ గుంటలు.'

'అయితే ఊరుకుంటావా?' అన్నాను. నా గొంతు పెద్దదయింది, ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

'ఊరుకుంతానని నాను సెప్పానేటి?' అన్నాడు.

నా చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. బొడ్లోంచి నైలాన్ తాడు ఉండ తీశాడు, అది ఆయన ఒంటి మీద ఎప్పుడూ ఉండేది. కుర్చీల మధ్య దారిలోంచి నడిచి, మైకు పక్కనుంచి, ఆఫీసరు మాట్లాడుతుండగానే బొంత దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాడు. మెరుపు సూర్యుణ్ని ముట్టుకోలేదు. ఎవరి ముక్కనూ కదపలేదు. బొంత కింది అంచుకు మా ముక్కను ఆనించి ముడి వేయడం మొదలుపెట్టాడు. వల చాలకపోతే అంచున ఇంకో ముక్క కలుపుతారు, అలాగ.

ఆఫీసరు మాట ఆగింది. మేడమ్ పరుగున వచ్చి, ముఖం మీద నవ్వు అలాగే ఉంచుకుని, 'తాతయ్యా, తర్వాత, తర్వాత చూద్దాం' అంది. మా తాత తలెత్తలేదు. 'అయిపోద్దమ్మా' అన్నాడు. గొంతులో కోపం లేదు, చేతుల్లో ఉంది. ఒక్కో ముడీ బిగించినప్పుడు మెడ నరాలు పొంగడం నాకు కనిపించింది. గుడ్డ రెండో కొస జారిపోతోంది, ఆయనకు దగ్గరి చూపు ఆనదు, తడుముకుంటున్నాడు. నేను పరిగెత్తి ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస నాకు అందలేదు. అప్పుడు ముందు వరసలోంచి గోదావరి మామ్మగారు లేచింది. పక్కన కోడలు కొంగు పట్టి లాగుతున్నా వదిలించుకుని వచ్చి, నేల మీద చతికిలబడి ఆ కొస పట్టుకుంది. 'ఈ పిల్లది తీసేసి కొన్న గుడ్డ పెట్టారా? మాకు చెప్పనేలేదండీ' అంది. ఎవరినీ ఉద్దేశించి కాదు, అందరికీ వినబడేలా.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా తాత ఆఖరి ముడి బిగించి, మిగిలిన తాడు పళ్లతో కొరికి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. మా ముక్క బొంత కింద కొద్దిగా వంకరగా వేలాడుతోంది. మేమిద్దరం బయటికి వచ్చేశాం.

మొత్తం కథ ఇక్కడితో బాగుపడిందని చెప్పలేను. ఫొటోలో కింది ముక్క పడకుండా తీయించారని మామ్మగారు తర్వాత మా అమ్మ దగ్గర చేపలు కొంటూ చెప్పింది. గేటు బయట కాదు, వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి చెప్పిందట. ఆ ముడులు విప్పడం ఎవరి వల్లా కాక చివరికి కత్తెరతో తీసేశారట. తర్వాతి వేసవిలో పల్లె వాళ్లెవరినీ పిలవలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్తూ నేను మా తాతకు పది అడుగులు ముందు నడిచాను. నాకు ఆయన మీద కూడా కోపమే. మొత్తం కూలిపోయి ఉంటే మేడమ్ ముఖం ఎలా ఉండేదో చూడాలని నాకు ఉండింది. సగం దారిలో ఆయనే అడిగాడు. 'ఏటే గుంటా, ఆ మామ్మ మనవడు ఏడిత్తే నీ గుడ్డ గోడెక్కిపోద్దా?' నిజం చెప్పాలంటే ఆ క్షణం వాడు ఏడ్చినా ఫరవాలేదనే అనిపించింది. పదేళ్ల పిల్లను, పైగా మిరపకాయను. 'కోపం నాకూ వచ్చింది. నీకన్నా ఎక్కువే వచ్చింది' అన్నాడు తాత. ఆయనకు అంత కోపం వచ్చిందని ఆ మాట వినేదాకా నేను అనుకోలేదు.

పెద్దయ్యాక ఎన్నో చోట్ల పనిచేశాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పై వాళ్ల మీద కోపంతో పక్కవాళ్ల పని పాడుచేసిన వాళ్లను చూశాను. ఏమీ అనుకోవద్దంటే ఏమీ అనుకోకుండా పొట్లం పట్టుకుని వెళ్లిపోయే వాళ్లను ఇంకా ఎక్కువ చూశాను. రెండు దార్లూ సులువే. మా బడి వార్షికోత్సవంలో ఎవరి పిల్లనైనా 'కుదరలేదు' అని వెనక్కి నెడితే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది. అప్పుడు అందరూ చూస్తుండగా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళతాను, అక్కడున్న ఏ పిల్లనూ పక్కకు తోయకుండా. నాతో పనిచేసే వాళ్లు నాది మొండితనం అంటారు. అననీ. నాకు జరిగిన అన్యాయానికి ఇంకొకరి బిడ్డ ఏడవకూడదు, అలాగని నా వాటా నేను అడక్కుండా ఉండకూడదు. ఈ రెండూ కలిపి మోయడం ఎంత కష్టమో మా తాత మెడ నరాల్లో చూశాను. మోస్తూనే ఉన్నాను.