మళ్లీ బస్సెక్కిన కండక్టరమ్మ

సమ్మెకు వెళ్లిన పాపానికి ఆ కండక్టరమ్మ ఉద్యోగం ఊడింది. భర్త అదే డిపోలో డ్రైవరు. అత్తగారి మందులు ఆగకూడదు కాబట్టి ఇద్దరిలో ఒకరు పనిలో ఉండాలని ముందే అనుకున్నారు. "నువ్వు బండి దిగకు, సమ్మెకు నేను వెళ్తాను" అన్నది ఆమే. తీరా ప్రభుత్వం సమ్మె చేసినవాళ్లందర్నీ తీసేసేసరికి, తోటివాళ్లు భర్తను పిరికిపంద అన్నారు. ఆమె మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అదే అతన్ని ఎక్కువ కాల్చింది. రెండేళ్లుగా ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంటే, అతను తలవంచుకుని తిని లేచి వెళ్లిపోయేవాడు.

ఎన్నికలొచ్చాయి. గెలిస్తే అందర్నీ తిరిగి తీసుకుంటామంది ప్రతిపక్షం.

"ఓట్లప్పుడు చందమామనైనా కోసిస్తామంటారు" అని ఆమె కొట్టిపారేసింది.

అత్తగారు మాత్రం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పార్టీ మార్చింది. "నా కోడలి పొట్ట కొట్టినవాళ్లకి నేనెందుకేస్తానే?"

లెక్కింపు రోజు ఆమె టీవీ పెట్టనివ్వలేదు. అత్తగారు పక్కింట్లో చూసొచ్చి, గుమ్మంలోంచే కేకేసేది. మధ్యాహ్నానికి భర్త యూనిఫాంతోనే రొప్పుకుంటూ వచ్చాడు.

"పోయారే! మన రవాణా మంత్రితో సహా మూటాముల్లె సర్దేశారు!"

"పోతే పోనీ. మనల్ని తీసుకోవాలి కదా" అందే గానీ, కుడుతున్న బట్ట పక్కన పెట్టి తనే వెళ్లి టీవీ పెట్టింది.

కొత్త ప్రభుత్వం మొదటి సమావేశంలోనే ఉత్తర్వు ఇచ్చింది. ఒకప్పుడు గేటు బయటే నిలబెట్టిన డిపో మేనేజరు ఎదురొచ్చి, "రండమ్మా" అంటూ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. "ఏ బండి సార్?" అని మాత్రం అడిగింది.

కావాలనే వేశారో ఏమో, భర్త బండే పడింది. కదిలేముందు అతను మెల్లగా అడిగాడు.

"నా మీద కోపం లేదా?"

"ఉంటే రెండేళ్లు వండి పెట్టేదాన్నా? నిన్ను పనికి పొమ్మన్నది నేనేగా! రోడ్డు చూసి నడుపు."

అతను మొహం తుడుచుకుని గేరు వేశాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్లను ఆమె దులిపేసింది. రెండు ట్రిప్పులకే గొంతు బొంగురుపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని, "అబ్బ, నడుం విరిగిపోయింది అత్తయ్యా!" అని మూలిగింది.

"విరగనీవే, జీతమొస్తుంది" అంది అత్తగారు. అందరికన్నా ముందు పగలబడి నవ్వింది భర్తే.