నొప్పి సున్నా

రెండేళ్ల క్రితం ఫుట్‌బాల్ జట్టుతో నెల రోజుల టోర్నమెంటుకు విదేశం వెళ్లాను. రోజూ లేవగానే ఒంట్లో నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతో ఫోన్లో జట్టు డాక్టరుకు పంపాలి. మోకాలు వాచినా నాలుగు రోజులుగా సున్నా అనే పంపాను. నిజం చెబితే సెమీఫైనల్ ఆడనివ్వరని భయం.

నాలుగో రోజు సాయంత్రం ఫిల్మ్‌నగర్ నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. ఒకప్పుడు సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్. ఇప్పుడు కుంటుతూ అక్కడే కాస్ట్యూములు ఇస్త్రీ చేస్తుంది.

"జర లేచి నడువు బిడ్డా."

నవ్వుతూ నడిచాను.

"నవ్వకు. బెణికిన కాలుతోని గట్లనే నవ్వుకుంట పాట పూర్తి చేసిన నేను."

మర్నాడు ఏడు అని పంపాను. సెమీఫైనల్ బెంచీ మీద నుంచే చూశాను. ఓడిపోయాం. ఆ బాధ ఇంకా పోలేదు.

మొన్న బోరబండలో మా ఇంటి మెట్లు పరుగున ఎక్కి వెనక్కి చూశాను. కమ్మీ పట్టుకుని ఎక్కుతున్న అమ్మ, ఆగి నా కాళ్లనే చూస్తోంది.