పాట కింద గొంతు

చిక్కడపల్లిలో, సినిమా హాళ్ల వెనక సందులో, ఇంద్రసేన గది. ఒకప్పుడు అతను పెళ్లిళ్లు వీడియో తీసేవాడు. ఇప్పుడు ఆ పెళ్లిళ్లనే పాత క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. పెళ్లికూతుళ్లు ముసలివాళ్లయ్యారు. కొందరు లేరు. టేపులో మాత్రం అందరూ అక్షింతలు చల్లుతూనే ఉంటారు.

పని నిదానం. ముందు బూజు తుడుస్తాడు. టేపును చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు ఆడిస్తాడు. వచ్చింది వచ్చినట్టు ఎక్కిస్తాడు. తెర మీది చుక్కలు తీసేయడు. తీస్తే చుక్కలతో పాటు చీర నేత కూడా పోతుంది. అందుకే ఫైలు కొండంత అవుతుంది.

"వాట్సాప్‌ల పోతదా అన్నా?" అని క్యాసెట్లు తెచ్చినవాళ్లు అడుగుతారు.

"పోతది. ముక్కు పోతది, మూతి పోతది. పంపుకో."

తన భార్య చనిపోయినప్పుడు ఆమె ఫొటోకు మెరుగులు దిద్దుతామన్నారు స్టూడియోవాళ్లు. కంటి కింద నలుపు తీయనివ్వలేదు.

అశోక్‌నగర్ నుంచి నవత వచ్చింది. చేతిలో అక్క పెళ్లి క్యాసెట్. నారాయణగూడలో జరిగిన పెళ్లి. అప్పటికి నవతకు ఏడేళ్లు. మరుసటేడే తల్లి చనిపోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ఈ క్యాసెట్‌లోనూ లేదనే ఇంట్లో అనుకున్నారు. ఆ రోజుల్లో పెళ్లి గోల వినపడకుండా వీడియో మీద సినిమా పాటలు వేసేవారు. తల్లి నవత జడలో మల్లెలు తురుముతూ, నవ్వుతూ, ఏదో అంటుంది. పెదాలు కదులుతాయి. పాట వినిపిస్తుంది.

"ముప్పై ఏండ్ల సంది చూస్తున్న అన్నా. 'నా బంగారం' అన్నట్టే ఉంటది."

"టేపుల సప్పుడు రెండు జాగలల్ల ఉంటదమ్మా. అంచుకొకటి, బొమ్మ కింద ఒకటి. పాట అంచుకేస్తరు. కింద మిగిలిందేమో చూస్త."

"ఏదీ పోవద్దన్నా. దగ్గినా తుమ్మినా ఉండాలె."

"నా దగ్గర ఏదీ పోదు."

ఆ సాయంత్రం మంచి మిషన్‌లో పెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. బొమ్మ కింది శబ్దంలో పాట లేదు. వంటవాళ్ల కేకలు, సన్నాయి. ఆ తర్వాత ఆమె. ఒక మాట సరిగా అందలేదు. టేపు గీతకు సరిగా ఆనేలా మిషన్ ట్రాకింగ్ రవ్వంత జరిపాడు. ఇప్పుడు మాట శుభ్రంగా ఉంది.

పాటొక్కటే ఎక్కించి, కింద ఏమీ మిగల్లేదని చెప్పవచ్చు. నవతకు ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది. పోయింది. ఫోన్ చేశాడు.

"ఉన్నదమ్మా. రా."

నవత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. తెర మీద తల్లి వేళ్లు జడలో కదిలాయి. చెవుల్లో తల్లి గొంతు.

"దీన్ని వద్దనుకున్నం వదినా. పెద్దది ఈడుకొచ్చినంక నాకు మల్ల కడుపేంది, సిగ్గుపోతదని మందు మింగిన. మొండిది, పోలే."

పక్కన ఎవరో నవ్వారు.

నవత హెడ్‌ఫోన్స్ తీయలేదు. తెర మీద ఏడేళ్ల పిల్ల తల వంచి నిలబడి ఉంది. ఆ పిల్లా విన్నదే. మరిచిపోయింది.

"అన్నా, పాట పెట్టి ఇయ్యి. మునుపటి లెక్కనే."

"పాట గూడ ఉన్నదమ్మా అందుల. రెండూ ఇస్త."

"ఇది తీసెయ్."

"నువ్వే అన్నవ్ గద, ఏదీ పోవద్దని."

"నువ్వసలు మనిషివేనా అన్నా?"

అతను హార్డ్‌డిస్క్ ఆమె ముందుకు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు. మెట్లు దిగి వెళ్లిపోయింది.

డిస్క్ మీద ఆమె పేరు రాసి అలమారలో పెట్టాడు. ఒక్క కాపీని నమ్మకూడదన్నది అతని పద్ధతి. కూర్చుని రెండోది చేశాడు.