తండ్రి సంతకం కావాలన్నారు

నిరుడు జూన్‌లో మా నాలుగేళ్ల పాపను ఊళ్లోని సర్కారు బడి నర్సరీలో చేర్పించడానికి వెళ్లాను. మా ఆయన మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తారు. కాగితాలన్నీ చూపించినా హెడ్మాస్టరు దరఖాస్తు నా ముందుకు విసిరేశారు.

"తండ్రి సంతకం లేకుంట రాసుకోను. ఆయన వచ్చినంక రాపో."

"ఆయన మస్కట్‌ల ఉన్నడు సారూ. ఇంకో రెండేండ్లదాక రాడు. నా సంతకం చెల్లదా?"

"అసలు ఉన్నడో లేడో నాకేం తెలుసు?" అన్నారాయన. పిల్లల్ని చేర్పించడానికి వచ్చి వెనక నిలబడ్డవాళ్లు కిసుక్కున నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. బల్ల మీద చెయ్యి చరిచి అరిచాను.

"గా మాట మీ ఇంట్ల ఆడోళ్లను అంటవా? తల్లి సంతకం చెల్లదని కాయితం మీద రాసియ్యి. కలెక్టరుకు చూపిస్త!"

ఆయన నన్ను కోపంగా చూస్తూనే రిజిస్టరు నా వైపు నెట్టారు. సంతకం పెట్టాను.

పక్కకు చూస్తే పాప భయంతో గౌను తడుపుకుంది. "గీ బడి వద్దవ్వా, ఇంటికి పోదాం" అని ఏడ్చింది. వారం రోజులు బతిమాలితే గానీ బడికి పోలేదు.

ఆ సారు, నేను ఇప్పటికీ ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటాం. అరిచినందుకు నాకేం బాధ లేదు. పాపను ముందు బయట కూర్చోబెట్టి, అప్పుడు అరవాల్సింది.