మూత లూజున్న ఫుల్ బాటిల్

2022లో నేను పురానాపూల్ దగ్గర ఒక వైన్స్‌లో బిల్లింగ్ చూసేవాణ్ని. సేల్స్ కౌంటర్ యాదగిరన్నది. ఇరవై ఏళ్లుగా సీసాల మధ్యే బతికినా చుక్క ముట్టని మనిషి. నాకేమో ముక్కు మీద కోపం.

ఒకరోజు పొద్దున షట్టర్ ఎత్తీ ఎత్తకముందే, పాల వ్యాపారం చేసే మల్లేశ్ వచ్చి సగం ఖాళీ అయిన ఫుల్ బాటిల్‌ను కౌంటర్ మీద ఠప్పున పెట్టాడు. ఫుల్ అంటే 750 మి.లీ. సీసా.

"ఏందన్నా ఇది? విస్కీనా, నీళ్లా? ఎక్సైజోళ్లకు ఫోన్ కొడ్త. మీ దుకాణం బంద్ చేయిస్త!"

వెనక కస్టమర్లు గుసగుసలు మొదలుపెట్టారు. కల్తీ అన్న మాట పాకితే ఇక మా గతి అంతే.

యాదగిరన్న తొణకలేదు. బ్యాచ్ నంబర్, అంటే సరుకు ఏ విడతలో తయారైందో చెప్పే అంకె చూసి, అదే విడత సీసా ఇంకోటి తీసి పక్కన పెట్టాడు. మల్లేశ్ సీసాలో రంగు బాగా పలచబడింది.

"సీలు నువ్వే తీసినవా తమ్మీ?"

"నేనే."

"మొదటిరోజు ఎట్లుండె?"

"మస్తుండె. రోజురోజుకు సప్పగైతున్నది."

దొరికాడ్రా అనుకున్నాను! సీలు తీసిన రోజు బాగుంటే, నీళ్లు కలిసింది వాళ్లింట్లోనే కదా. ఆ మాట అనబోతుంటే యాదగిరన్న నా కాలు తొక్కాడు. అతని చూపు వెంట చూశాను. రోడ్డు పక్కన పాల క్యాన్ల బండి పట్టుకుని మల్లేశ్ భార్య నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మూత లూజున్నది తమ్మీ. ఘాటంత ఎగిరిపోయింది" అన్నాడు యాదగిరన్న. "తాగినంక ఎవ్వలు మూత సక్కగ పెట్టరు. ఇగనుంచి సీసా బండి కాడున్న చెల్లెకియ్యి. ఆమెనే పోస్తది, ఆమెనే మూత పెడ్తది."

"గంతేనా?" అని తల గోక్కుంటూ వెళ్లిపోయాడు మల్లేశ్.

"ఉన్న మాట చెప్తే అయిపోతుండె కదన్నా!" అని నేను గయ్యిమన్నాను.

"చెప్తే ఆ ఇంట్ల ఏమైతుండె?" అన్నాడు. అబ్బ, ఏం మనిషి!

నెల తర్వాత మల్లేశ్ భార్య జున్ను గిన్నెతో వచ్చింది. "తాగొద్దని డాక్టర్ చెప్పినా ఈయన ఇనలేదన్నా. అందుకే ఎరుక లేకుండ నీళ్లు కలిపిన. ఇప్పుడు సీసా నా తాననే ఉన్నది. రోజుకింత తగ్గించి పోస్తున్న."

ఇప్పటికీ ఎవరైనా సీసా పట్టుకుని అరుస్తూ వస్తే, నేను సీసా కంటే ముందు అతని వెనక ఎవరు నిలబడ్డారో చూస్తాను.