పెంక వేడి తెలియని చేతులు

మా అత్త నన్ను మెచ్చుకున్న రోజే నా ఖర్మ మొదలైంది. పెంక మీద జొన్న రొట్టెను వట్టి వేళ్లతో తిప్పుతుంటే చూసి పక్కింటామెను పిలిచింది.

"మా కోడలి చేతులు చూడు. పెంకనే దానికి భయపడ్తది!"

నాగల్‌గిద్ద వైపు మా ఊళ్లో, చెయ్యి కాలిందని అనకుండా రొట్టెలు చేసే కోడలికి మంచి పేరు. నేనూ మురిసిపోయాను. సాయంత్రం చూస్తే వేళ్ల నిండా బొబ్బలు. నొప్పి మాత్రం లేదు. అప్పుడు భయమేసింది.

నారాయణఖేడ్ దవాఖానలో డాక్టర్ సూదితో గుచ్చి చూసి, "ఇది పెద్దరోగం, కుష్ఠు" అన్నాడు. దాని కోసమే ఉన్న దూరపు దవాఖానకు పొమ్మన్నాడు. నా బిడ్డ లచ్చవ్వ అప్పటికి తప్పటడుగులు వేస్తోంది. బండి ఎక్కేటప్పుడు నా కొంగు వదల్లేదు. అత్త దాని వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది. ఆమె కూడా ఏడ్చింది.

అక్కడి డాక్టరమ్మ దాపరికం లేని మనిషి. అప్పట్లో ఆ రోగానికి ఉన్న మందు చాల్‌మోగ్రా గింజల నూనె. ఆ ఇంజెక్షన్ కొందరికి కండలో, కొందరికి ఒంటి మీది రోగపు మచ్చల్లోనే ఇచ్చేది.

"ఏ తీరుగ ఇస్తే జల్దీ గుణమైతదో నాక్కూడ తెల్వదమ్మా. మిమ్మల్ని చూసే నేర్చుకుంటున్న. ఇష్టం లేకుంటే చెప్పు, మామూలుగ కండలనే ఇస్త."

'జల్దీ' అన్న మాటొక్కటే నా చెవికెక్కింది. ఒప్పుకున్నాను. నాకు మచ్చల్లో గుచ్చారు.

అప్పుడప్పుడు కళ్లు మూయించి, ఈకతో తాకి, ఎక్కడో చెప్పమనేది. మోచేతి పైన తెలిసేది. కిందికి దిగితే ఏమీ లేదు. తెలిసిందని చెబితే ఇంటికి పంపుతారేమోనని నాలుక దురద పెట్టేది.

"అబద్ధం చెప్పకు. చెప్తే నీ ఎనుక వచ్చేటోళ్లకు నేను తప్పు మందిస్త" అనేది డాక్టరమ్మ.

"తెల్వలే, తెల్వలే" అంటూ ఏడ్చేదాన్ని.

వానాకాలంలో రోగం ఒక్కసారిగా ఒళ్లంతా రేగింది, దాన్ని రియాక్షన్ అన్నారు. ఒకటే జ్వరం, మంట. వేళ్లు ముడుచుకుపోయాయి. ఇంజెక్షన్ ఆపేశారు. నా పక్క మంచం నర్సవ్వ అదే రియాక్షన్‌తో పోయింది. నేనెందుకు బతికానో డాక్టరమ్మకూ తెలియదు. కోలుకున్నాక నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, గుడ్డతో గిన్నె పట్టుకోవడం నేర్పింది.

"చేతులకు తెల్వదు గదా. కండ్లకు పని చెప్పు."

ఏళ్లు గడిచాక చర్మం గీరి పరీక్ష చేసి, స్మియర్ నెగెటివ్, రోగపు పురుగు లేదన్నారు. "రోగం ఆగింది. నరం సచ్చిపోయింది, పోయిన స్పర్శ మాత్రం రాదు" అంది డాక్టరమ్మ.

తిరిగొస్తే లచ్చవ్వ నా భుజం దాకా పెరిగింది. అత్త గడప దిగలేదు. చేను దగ్గర నాకొక గుడిసె వేయించారు. మా ఆయన జొన్నలు దించి పోతాడు, కూర్చోడు. నానమ్మ తిట్టినా లచ్చవ్వ మాత్రం వస్తుంది. దాని చెంప నా వేళ్లకు తెలియదు. మోచేతి పైన ఆనించుకుంటాను. అక్కడ తెలుస్తుంది.

మొన్న నా పొయ్యి మీద మొదటిసారి రొట్టె తిప్పింది.

"అమ్మో, కాలిందే!" అని వేళ్లు నోట్లో పెట్టుకుంది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

"నా చెయ్యి కాలితే నవ్వుతవేందమ్మా?" అని అలిగింది.

"ఇంకోసారి అను బిడ్డా, కాలిందని" అన్నాను.

ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ ఇంట్లో ఎవరి చేతులైనా పెంకకు భయపడకపోతే మెచ్చుకోకండి. దవాఖానకు తీసుకుపోండి.