తార్నాక ఆఫీసుకు దారి చెప్పినవాళ్ళు

ఆరేళ్ళు ఒక సీనియర్ దగ్గర పనిచేశాక, తార్నాక చౌరస్తాకు కాస్త లోపలగా, కళ్ళద్దాల దుకాణం పైన ఒక గది తీసుకుని సొంతంగా ప్రాక్టీసు మొదలుపెట్టాను. తార్నాకే ఎందుకంటే, యూనివర్సిటీలో లా చదివిన రోజుల నుంచీ నాకు బాగా తెలిసిన చోటు అదొక్కటే. మొదటి నాలుగు నెలలు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, ఏదో ఒక ఫైలు తెరిచి చదువుతున్నట్టు కూర్చునేదాన్ని. ఆ అడుగులు చాలావరకు పై అంతస్తులో ట్యూషన్‌కు వెళ్ళే పిల్లలవి.

నా తొలి క్లయింటు, నేను ఒకప్పుడు ఉన్న లేడీస్ హాస్టల్ మెస్‌లో వంట చేసే ఆమె. హాస్టల్ పిల్లలందరిలాగే నేనూ ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. అడిక్‌మెట్‌లో ఆమె ఉంటున్న ఇంటి ఓనరు, నోటీసు కూడా ఇవ్వకుండా సామాను బయట పెట్టిస్తానన్నాడు. కోర్టు నుంచి స్టే తెచ్చాను. ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ నా గురించి ఎంతమందికి చెప్పిందో తెలియదు. లైబ్రరీలో పనిచేసే ఆయన వారసత్వ సర్టిఫికెట్ కోసం వచ్చాడు. ఒక రిసెర్చ్ స్కాలర్ పేరులో తప్పు దిద్దించుకోవడానికి వచ్చింది. కూర్చోగానే అందరిదీ ఒకటే మాట, మెస్ అక్క పంపిందని.

అయినా నాకు తొందర. పక్క గదిలో కోచింగ్ సెంటర్లకు ఆన్‌లైన్ ప్రచారం చేసిపెట్టే ఒకావిడ ఉండేది. నోటిమాట మీద నడిస్తే పైకి రావడానికి పదేళ్ళు పడుతుందని చెప్పి, నాకొక పేజీ తయారుచేసింది. ఫోనులో తార్నాక లాయర్ అని వెతికితే నా ఫోటో ముందు వచ్చేది. దాని కింద ‘తార్నాకలో నంబర్ వన్ విడాకుల లాయర్’ అని ఉండేది. వకీళ్ళు అలా ప్రచారం చేసుకోకూడదన్న నియమం నాకు తెలియనిది కాదు. ఇదే క్యాంపస్‌లో ఆ పేపరు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అప్పటికి నేను వాదించిన విడాకుల కేసులు రెండే రెండు. అందరూ పెట్టుకుంటున్నారు కదా మేడమ్ అంది ఆవిడ. నేనూ అదే మాట నాకు చెప్పుకుని ఊరుకున్నాను. ఫోన్లు రావడం మొదలయ్యాక ఆ సంకోచం కూడా పోయింది.

అలా ఫోనులో చూసి ఒక సోమవారం మౌలాలి నుంచి ఒకాయన వచ్చాడు. గంటసేపు మాట్లాడాడు. భార్య పుట్టింట్లో ఉంటోందనీ, ఏడేళ్ళ కూతురు ఆమె దగ్గరే ఉందనీ చెప్పాడు. ఆ శనివారం స్కూలు వదిలే వేళకు వెళ్ళి పాపను తీసుకుపోయి తన అక్క ఇంట్లో ఉంచుతాననీ, తర్వాత కేసు వేద్దామనీ అన్నాడు. అలా చేయొద్దని గట్టిగానే చెప్పాను. పాపకూ మంచిది కాదు, మీ కేసుకూ మంచిది కాదన్నాను. ఆలోచించుకుని వస్తానని లేచాడు.

గురువారం మధ్యాహ్నం మెస్ అక్క ఒకామెను వెంటబెట్టుకుని వచ్చింది. తమ గల్లీలోనే ఉంటుందట. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. భర్త పేరు, పాప చదివే స్కూలు పేరు వినగానే, సోమవారం వచ్చినాయన భార్య ఈమేనని అర్థమై పెన్ను పక్కన పెట్టేశాను.

“ఇంకేం చెప్పకండి. మీ కేసు నేను తీసుకోలేను” అన్నాను.

ఎందుకని అడిగింది. ఒక పక్షం వాళ్ళు సలహా కోసం వచ్చి చెప్పింది విన్నాక లాయరు రెండో పక్షానికి పనిచేయకూడదు. అసలు వాళ్ళు వచ్చారని కూడా బయటపెట్టకూడదు. ఎదురుగా ఆ పాప తల్లి కూర్చుని ఉంది. శనివారం ఎల్లుండే. చెప్పేస్తే ఏం పోతుందని ఒక్క క్షణం అనిపించింది.

“ఎందుకో కూడా చెప్పలేను. కానీ రేపటిదాకా ఆగకండి. ఇవాళే ఇంకో లాయర్‌ను కలవండి” అని, నాతో చదివిన ఒకామె నంబరు రాసిచ్చాను. ఆమె కాగితం తీసుకుని లేచింది.

అక్క మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. “ఫోన్ల చూసి వచ్చెటోళ్ళు మస్తు మంది అయిన్రు గద మేడమ్. ఇగ మేం తీస్కొచ్చెటోళ్ళు ఎందుకు మీకు?” అని దిగిపోయింది.

ఆ సాయంత్రమే పక్క గదికి వెళ్ళి నంబర్ వన్ అన్న మాట తీయించేశాను. పేజీలో నా పేరు, చదువు, చిరునామా మాత్రం మిగిలాయి.

నేను నంబరిచ్చిన స్నేహితురాలు ఆ రోజే ఆ తల్లిచేత స్కూలుకు ఉత్తరం ఇప్పించింది, పాపను తల్లికి తప్ప ఇంకెవరికీ అప్పగించొద్దని. అది నా స్నేహితురాలికే తోచిన జాగ్రత్త. నేను ‘ఇవాళే’ అన్న మాట తప్ప మరేమీ చెప్పలేదు. ఆ మాట కూడా ఎక్కువేనా అని ఇప్పటికీ అనుకుంటాను. తక్కువేమో అని కూడా అనుకుంటాను. శనివారం తండ్రి వచ్చాడట. స్కూలు వాళ్ళు పాపను పంపలేదు. తర్వాత ఫ్యామిలీ కోర్టులో పాప తల్లి దగ్గర ఉండేట్టు, ఆదివారాలు తండ్రి చూసేట్టు ఒప్పందం కుదిరింది.

ఆ ఏడాది క్యాంపస్ నుంచి ఒక్కరూ రాలేదు. నేను ఖాళీగా ఉన్నప్పుడు, అద్దెకుండేవాళ్ళు ఏ కాగితాలు దాచుకోవాలి, వారసత్వ సర్టిఫికెట్‌కు ఎక్కడికి వెళ్ళాలి, ఇలాంటివి తేలిక తెలుగులో రాసి ఆ పేజీలో పెట్టేదాన్ని. అవి చదివి అడపాదడపా ఎవరో ఒకరు వచ్చేవారు.

ఒకరోజు అక్క తనే వచ్చింది. ఎవరినీ వెంటబెట్టుకుని రాలేదు. ఒప్పందం కుదిరే రోజుల్లో కోర్టు కౌన్సెలింగ్‌లో మాటా మాటా పెరిగి, ముందు తార్నాకలో ఒక లాయరమ్మ దగ్గరికి పోతే పాప జోలికి పోవద్దందని ఆ భర్తే అన్నాడట. ఆ మాట ఆ భార్య ఇన్నాళ్ళకు అక్కకు చెప్పింది.

“జెర నా చెవిలనన్న చెప్పకపోతిరి మేడమ్. ఉత్తగనే తిట్టుకున్న మిమ్మల్ని.”

“చెప్పకూడదక్కా.”

అక్క కుర్చీ ముందుకు లాక్కుని, “మరి నేను చెప్పినయి గుడ గట్లనే ఎవ్వరికి చెప్పరా?” అని అడిగింది.

చెప్పనన్నాను. అప్పుడు, ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని తన ఇంటి విషయం ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాను.